అడ్మిన్ లాగిన్ ఒక్కటే, వాడేది అయిదుగురు: ఆ పొదుపు మాకు ఎంతకు పడిందంటే

కొత్త ఫోన్ కొన్న రోజు మనం మొదట చేసే పని ఏంటి? లాక్ పెట్టుకోవడం. వేలిముద్ర, ఫేస్ అన్‌లాక్, ప్యాటర్న్, అన్నీ పెడతాం. ఇంట్లో తమ్ముడికి కూడా చెప్పం. అదే మనిషి ఆఫీసులో కూర్చుంటే, వందల మంది కస్టమర్ల డేటా ఉన్న సర్వర్ పాస్‌వర్డ్‌ని వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాడు. ఆ మనిషిని నేనే. అందుకే ఈసారి ఫోన్ల సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆ ఫోన్లలో నడిచే యాప్‌లు తయారయ్యే చోట జరిగే ఒక తప్పు గురించి రాస్తున్నా.

మాది రామగిరి. ధర్మవరం దగ్గర, కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయే, ఆ ఊరు. ఒకప్పుడు భారత్ గోల్డ్ మైన్స్ వాళ్లు ఇక్కడ బంగారం తవ్వారు. ఇప్పుడు గని లేదు కానీ, ఒక మేడ మీద గదిలో మా అయిదుగురి టీమ్ ఉంది. ధర్మవరం పట్టుచీరల షాపుల వాళ్లకు ఆర్డర్లు, స్టాక్ చూసుకునే యాప్ చేస్తాం. పెద్ద కంపెనీ ఏం కాదు. అయినా ఏ కంపెనీకైనా వచ్చే చిక్కు మాకూ వచ్చింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, యూజర్ యాక్సెస్ అనేవి పెద్ద కంపెనీల ఐటీ డిపార్ట్‌మెంట్ల గోల అని మనలో చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఇద్దరున్న టీమ్‌కైనా ఎవరి లాగిన్ వాళ్లకు ఉండాల్సిందే. డేటా కాపాడుకోవడం ఒక కారణం. టీమ్‌లో అందరికంటే జూనియర్‌ని కాపాడుకోవడం అంతకంటే పెద్ద కారణం.

ఆ బుధవారం ఏం జరిగిందంటే

శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు. చీరల షాపులకు ఏడాదిలో ఉండే గట్టి సీజన్లలో అదొకటి. సాయంత్రం నాలుగున్నర దాటాక ఒక షాపు పెద్దాయన ఫోన్ చేశారు. "ఏమప్పా, నా ఆర్డర్లన్నీ యాడికి పోయినాయి? లిస్టు ఖాళీగా చూపిస్తాంది."

చూస్తే ఒక్క షాపుది కాదు, అందరివీ పోయాయి. ఆర్డర్ల టేబుల్ మొత్తం ఖాళీ. తెల్లవారుజామున రెండు గంటలకు తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి పాతవన్నీ తిరిగి తెచ్చుకున్నాం. కానీ ఆ రోజు రెండు గంటల తర్వాత వచ్చిన ఆర్డర్లు పోయినట్టే. ఆ రాత్రి షాపుల వాళ్లను ఒక్కొక్కరినీ బతిమాలి, వాళ్ల చిత్తు కాగితాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూసి దొరికినంత ఎక్కించాం. దొరకనివి దొరకలేదు.

మర్నాడు అసలు ప్రశ్న వచ్చింది. ఎవరు చేశారు?

లాగ్‌లో తెలిసిందల్లా ఒక్కటే. డిలీట్ చేసిన యూజర్ పేరు: అడ్మిన్. మేం అయిదుగురమూ అడ్మినే. ఐపీ అడ్రస్ చూస్తే తెలిసిపోయేది కదా అంటారేమో. మేం వాడే పోస్ట్‌గ్రెస్‌లో ఎవరెవరు ఎక్కడి నుంచి కనెక్ట్ అయ్యారో రాసి పెట్టుకునే సెట్టింగ్ ఉంది. దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. మేం చేయలేదు.

అప్పుడు అందరి చూపూ ఒకరి మీదికే పోయింది. మా టీమ్‌లో చేరి రెండు నెలలైన అమ్మాయి. ఆ మధ్యాహ్నం తప్పు ఎంట్రీలు సరిచేసే పని ఆమెకే ఇచ్చాం. ఆ పని కోసమే అంతకు ముందు వారం అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చాం.

"నేను ఆ టేబుల్‌లో ఏదీ డిలీట్ కొట్టలేదన్నా," అంది.

"మరి ఇంకెవరమ్మా?" అన్నా నేను.

తిట్టలేదు, అరవలేదు. ఆ ఒక్క మాటే అన్నా. కానీ ఆ మాటకు ఆమె దగ్గర జవాబు ఉండే అవకాశమే లేదు. నేను చేయలేదని నిరూపించుకోవాలంటే, తను చేసినవేవో విడిగా కనిపించాలి. అన్నీ ఒకే పేరు మీద కలిసిపోయిన చోట ఎట్లా నిరూపించుకుంటుంది? నెల తిరిగేలోపు వేరే ఉద్యోగం చూసుకుని బెంగళూరు వెళ్లిపోయింది.

తర్వాత కొన్ని వారాలకు నా పాత ల్యాప్‌టాప్ అమ్మేద్దామని తీశా. నేను కొత్తది కొన్నాక అది మా తమ్ముడి దగ్గర ఉండేది. డేటా తుడిచే ముందు ఫోల్డర్లు చూస్తుంటే, యాప్ మొదలుపెట్టిన కొత్తలో నేను రాసుకున్న ఒక చిన్న స్క్రిప్ట్ కనిపించింది. ల్యాప్‌టాప్ ఆన్ అయినప్పుడల్లా టెస్ట్ ఆర్డర్లను తుడిచేయడం దాని పని. అప్పట్లో అది టెస్ట్ సర్వరే. తర్వాత దాన్నే లైవ్ చేసేశాం. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు.

స్క్రిప్ట్ పక్కనే దాని లాగ్ ఫైల్. ఆ బుధవారం తేదీ, 4 గంటల 32 నిమిషాలు, ఎన్ని ఆర్డర్లు తుడిచిందో ఆ సంఖ్య. ఆ గొడవయ్యాక మేం పాస్‌వర్డ్ మార్చాం కాబట్టి, దాని కింది లైన్లన్నీ 'లాగిన్ ఫెయిల్'. చాలాకాలం మూలన పడున్న ల్యాప్‌టాప్‌ను తమ్ముడు ఏదో పరీక్షకు అప్లికేషన్ పెట్టుకోవడానికి ఆ రోజే ఆన్ చేశాడు. అంతే జరిగింది.

తుడిచింది నేను. అనుమానం పడింది ఆమె మీద.

ఆ డబ్బు మిగలనే లేదు

మేం ఎందుకు ఒకే లాగిన్ వాడాం? "ఏముందిలే, డబ్బులు మిగుల్తాయి" అని. ఓటీటీ అలవాటు అది. ఒకరు సబ్‌స్క్రిప్షన్ కట్టడం, నలుగురు చూడటం. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ ఇండియాలో ఇళ్లు దాటిన పాస్‌వర్డ్ షేరింగ్‌కు అడ్డుకట్ట వేస్తే మనమంతా ఎంత గోల చేశామో గుర్తుంది కదా. అదే బుద్ధి పనిలోకి కూడా వచ్చేసింది.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే దెబ్బ తిన్న చోట్ల మేం మిగిల్చింది సున్నా.

పోస్ట్‌గ్రెస్ ఓపెన్ సోర్స్. అందులో అయిదుగురికి అయిదు రోల్స్ పెట్టుకున్నా, యాభై పెట్టుకున్నా పైసా ఖర్చు లేదు. ఒకరికి చదవడం మాత్రమే, ఇంకొకరికి మార్చడం కూడా, డిలీట్ ఎవరికీ లేకుండా... పది నిమిషాల పని. గిట్‌హబ్ సంగతి చూడండి. 2020 ఏప్రిల్ నుంచి ఫ్రీ ప్లాన్‌లోనే ప్రైవేట్ రిపోజిటరీల్లో ఎంతమందినైనా చేర్చుకోవచ్చు. అంతకు ముందు ఫ్రీ ప్లాన్‌లో ముగ్గురే అనే పరిమితి ఉండేది. పైగా ఒక లాగిన్‌ను ఒక మనిషే వాడాలని వాళ్ల షరతుల్లోనే ఉంది. అంటే ఉచితంగా అయిదు అకౌంట్లు దొరికే చోట, మేం షరతు తప్పి మరీ ఒక అకౌంట్‌ను అయిదుగురం వాడుకున్నాం!

డబ్బు కట్టాల్సిన టూల్స్‌లో కూడా చిన్న టీమ్‌లకు దారులుంటాయి. షరతులు చదివితే తెలుస్తాయి, అంతే.

మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్ చిన్న సంస్థల్లో అయిదుగురి దాకా ఫ్రీ. 250 కంటే ఎక్కువ కంప్యూటర్లు ఉన్నా, ఏడాదికి 10 లక్షల డాలర్లకు మించి ఆదాయం ఉన్నా వాళ్ల లెక్కలో అది పెద్ద సంస్థ. అప్పుడు ఈ వెసులుబాటు లేదు. డాకర్ డెస్క్‌టాప్ 2021 ఆగస్టులో రూల్ మార్చింది. 250 మందికి మించి ఉద్యోగులున్నా, ఏడాదికి కోటి డాలర్లకు మించి ఆదాయం ఉన్నా డబ్బు కట్టాలి. మనలాంటి వాళ్లకు ఫ్రీనే. జెట్‌బ్రెయిన్స్ టూల్స్‌లో వ్యక్తిగత లైసెన్స్ వేరు, సంస్థ లైసెన్స్ వేరు. వ్యక్తిగత లైసెన్స్ మన డబ్బుతో కొనుక్కుని ఆఫీసు పనికి వాడుకోవచ్చు, కానీ ఆ డబ్బు కంపెనీ తిరిగి ఇవ్వకూడదు. ఏడాది వరుసగా కట్టిన వాళ్లు తర్వాత ఆపేసినా, ఒక పాత వెర్షన్ ఎప్పటికీ వాడుకునే హక్కు ఉంటుంది. ఇవన్నీ వాళ్ల సైట్లలో ఉన్నవే. ఫోన్ కొనేముందు ప్రాసెసర్, బ్యాటరీ, ఛార్జింగ్ స్పీడ్ పది చోట్ల పోల్చి చూసే మనం, లైసెన్స్ పేజీ రాగానే కళ్లు మూసుకుని 'యాక్సెప్ట్' కొట్టేస్తాం.

ఇక క్రాక్ వెర్షన్ సంగతి. కాపీరైట్ చట్టం 1957లో 63బి అనే సెక్షన్ ఉంది. నకిలీ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్‌లో వాడితే, కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపారం కోసం, లాభం కోసం కాదని తేలితే కోర్టు జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. కానీ షాపుల దగ్గర డబ్బు తీసుకుని యాప్ చేసేవాడు 'లాభం కోసం కాదు' అని ఏ మొహంతో చెప్తాడు?

వెళ్లిపోయిన వాళ్ల తాళాలు

మా చుట్టుపక్కల అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2025లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి రావాల్సిన ఇంజిన్లు మాయమయ్యాయన్న కేసు దేశమంతా వార్తల్లోకి వచ్చింది. సుమారు 900 ఇంజిన్లు, అదీ ఒక్క రోజులో కాదు, కొన్నేళ్లుగా కొంచెం కొంచెంగా పోయాయని పోలీసులు చెప్పారు. లోపలి సంగతులు తెలిసిన వాళ్ల పాత్ర ఉందని వాళ్ల అనుమానం. తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టు. నాకు పట్టింది వేరే విషయం. ఇంజిన్ అంత బరువైన వస్తువే లెక్క చూసుకునేదాకా పోయినట్టు తెలియకపోతే, ఒక పాస్‌వర్డ్ బయటికి పోయిందని ఎప్పటికి తెలుస్తుంది? ఇంజిన్ పోతే ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. పాస్‌వర్డ్ పోయినా మన దగ్గర అట్లాగే ఉంటుంది.

వెళ్లిపోయిన వాళ్లందరూ దొంగలని నేను అనట్లేదు. అట్లా అనుకునే నేనొకసారి తప్పు చేశా. ఎవరూ ఏ చెడూ చేయకపోయినా తాళాలు మనల్ని ఇరికిస్తాయి. ఎట్లాగంటే, మా మొదటి యాప్ ప్లే స్టోర్ అకౌంట్ ఒక ఫ్రెండ్ సొంత జీమెయిల్ మీద తెరిచాం. 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు, వాడి కార్డు చేతిలో ఉంది, అంతే. వాడు వేరే ఉద్యోగానికి పోయాడు. నంబర్ మార్చాడు. ఒక అప్‌డేట్ పెట్టాలంటే ఓటీపీ పాత సిమ్‌కు పోతుంది. ఆ సిమ్ రీఛార్జ్ లేక ఆగిపోయింది. వాడు మంచివాడు కాబట్టి సెలవు పెట్టి వచ్చి, కూర్చుని సరిచేసి పోయాడు. అందరికీ అట్లాంటి ఫ్రెండ్ ఉండడు.

ప్లే కన్సోల్‌లో దీనికి మంచి దారే ఉంది. ఓనర్ అకౌంట్ ఒకటి పెట్టుకుని, మిగతా వాళ్లను వాళ్ల వాళ్ల మెయిల్‌తో యూజర్లుగా పిలవచ్చు. ఒకరికి రిపోర్టులు చూడటం మాత్రమే, ఒకరికి రివ్యూలకు జవాబివ్వడం, ఒకరికి రిలీజ్ చేయడం... విడివిడిగా ఇవ్వచ్చు. ఎప్పటిదాకా అనే గడువు తేదీ కూడా పెట్టచ్చు. సైనింగ్ కీ విషయం కూడా అంతే. ఒకప్పుడు ఆ కీ ఫైల్ ఉన్న ల్యాప్‌టాప్ పాడైతే ఆ యాప్‌కు అప్‌డేట్ ఇవ్వడం ఇక కుదిరేది కాదు, కొత్త యాప్‌గా మళ్లీ పెట్టుకోవాల్సిందే. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు గూగుల్ తన దగ్గరే అసలు కీ ఉంచే పద్ధతి తప్పనిసరి చేసింది. మన దగ్గరుండే అప్‌లోడ్ కీ పోయినా మార్పించుకోవచ్చు. పాత యాప్ నడుపుతున్న వాళ్లు మాత్రం తమ కీ ఎక్కడుందో ఈ రోజే చూసుకోండి.

కంపెనీల తప్పు లేదా?

ఉంది. ఇక్కడ నాకు కోపం కూడా ఉంది.

సింగిల్ సైన్ ఆన్ అని ఒకటుంటుంది. ఒక మనిషి టీమ్ వదిలి వెళ్తే ఒక చోట బటన్ నొక్కితే చాలు, అన్ని టూల్స్‌లోనూ అతని యాక్సెస్ ఆగిపోతుంది. చాలా కంపెనీలు దీన్ని అన్నింటికంటే ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌లోనే పెడతాయి. ఎవరు ఎప్పుడు ఏం చేశారో చూపించే ఆడిట్ లాగ్ కూడా చాలా చోట్ల అంతే. టెక్ లోకంలో దీనికి 'ఎస్ఎస్ఓ ట్యాక్స్' అని వెక్కిరింపు పేరే ఉంది. బైక్‌కు బ్రేకులు టాప్ మోడల్‌లో మాత్రమే ఇస్తాం అన్నట్టుంది ఇది. ఇంకా ఎక్కువ స్టోరేజీకి, ఇంకా మంచి ఫీచర్లకు డబ్బు అడగండి, న్యాయమే. తప్పు ఎవరిదో తెలుసుకునే కనీస సదుపాయానికి డబ్బు అడగడం న్యాయం కాదు.

మన దగ్గర ఇంకో తిప్పలు కూడా ఉన్నాయి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల వల్ల 2021 అక్టోబర్ నుంచి కార్డు మీద ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అవ్వాలంటే ముందే అనుమతి నమోదై ఉండాలి. మామూలు సబ్‌స్క్రిప్షన్లకు 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కొట్టాల్సిందే. మన డబ్బు కాపాడే మంచి రూల్ అది. కానీ కార్డు ఓనర్ ఆ రోజు ఊళ్లో లేకపోతే, రెన్యువల్ ఫెయిలై టీమ్ మొత్తం టూల్ ఆగిపోతుంది. అందుకే ఏ సబ్‌స్క్రిప్షన్ ఎవరి కార్డు మీద ఉందో రాసి పెట్టుకోవడం కూడా యాక్సెస్ పనిలో భాగమే.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. కంపెనీల అత్యాశను అడ్డం పెట్టుకుని మన బద్ధకాన్ని దాచుకోలేం. మాకు దెబ్బ తగిలిన చోట ఏ కంపెనీ మమ్మల్ని డబ్బు అడగలేదు.

ఇప్పుడు మేం చేసేది

పెద్ద సాఫ్ట్‌వేర్ ఏం కొనలేదు. ఒక స్ప్రెడ్‌షీట్ ఉంది. టూల్ పేరు, ఏ ప్లాన్, అకౌంట్ ఎవరి మెయిల్ మీద, ఎవరి కార్డు, రెన్యువల్ తేదీ, ఎవరెవరికి ఏ స్థాయి యాక్సెస్. మొత్తం ఆరు కాలమ్‌లు.

అకౌంట్లన్నీ టీమ్ సొంత డొమైన్ మెయిల్ మీదికి మార్చాం. ముఖ్యమైన ప్రతి చోటా ఇద్దరు ఓనర్లు ఉంటారు, ఒకరి ఫోన్ పోయినా రెండోవారు లోపలికి రావడానికి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఎస్ఎంఎస్ నుంచి ఆథెంటికేటర్ యాప్‌కు మార్చాం. రికవరీ కోడ్లు ప్రింట్ తీసి బీరువాలో పెట్టాం. లైవ్ డేటాలో డిలీట్ చేసే హక్కు రోజువారీ లాగిన్లలో ఎవరికీ లేదు, నాక్కూడా. అవసరమైతే వేరే లాగిన్‌తో, ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి. స్క్రిప్టులకు మనుషుల పాస్‌వర్డ్‌లు వాడటం మానేశాం. వాటికి విడిగా టోకెన్లు, ప్రతిదానికీ గడువు. నా పాత స్క్రిప్ట్‌కు మూడు నెలల గడువు ఉండి ఉంటే ఈ కథే లేదు.

కనెక్షన్ లాగ్ ఆన్ చేసి 180 రోజులు దాచుతున్నాం. ఆ 180 మా సొంత లెక్క కాదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు లాగ్‌లను అన్ని రోజులు ఉంచాలని, సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లోపు చెప్పాలని ఉంది.

ఎవరైనా టీమ్ వదిలితే ఆ సాయంత్రమే, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, లిస్టు చూస్తూ ఒక్కొక్క యాక్సెస్ తీసేస్తాం. అనుమానంతో చేసే పని కాదది. రేపు ఏదైనా జరిగితే 'ఆ రోజుకే నా చేతిలో ఏమీ లేదు' అని వాళ్లు ధైర్యంగా చెప్పుకోవడానికి. ఇక ప్రతి నెలా ఒకటో తారీఖు ఇరవై నిమిషాలు ఆ షీట్ తెరిచి చూస్తాం. అంతే.

గనుల్లో ఒక పాత పద్ధతి ఉంది. లోపలికి దిగే ప్రతి మనిషికీ తన నంబర్ ఉన్న టోకెన్ ఒకటి. దిగేటప్పుడు తీసుకోవాలి, పైకి వచ్చాక తిరిగి ఇవ్వాలి. ఏదైనా ప్రమాదం జరిగితే లోపల ఎవరున్నారో టోకెన్ల బోర్డు చెప్తుంది. ఒకరి టోకెన్ ఇంకొకరు పట్టుకుని దిగితే, పైనున్న వాళ్లు ఎవరి కోసం వెతకాలి? బంగారు గని ఊళ్లో పుట్టిన నాకు ఈ సంగతి సర్వర్ రూమ్‌లో తెలిసొచ్చింది.

ఆ అమ్మాయికి ఫోన్ చేశా. జరిగింది మొత్తం చెప్పి, తప్పు నాదే అన్నా. టీమ్ గ్రూపులో కూడా అదే రాశా, నా పేరుతో. ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకటే అంది: "నాకంటూ ఒక లాగిన్ ఇచ్చింటే సరిపోయేదన్నా."

ఈ మధ్యే కొత్త కుర్రాడొకడు చేరాడు. మొదటి రోజు కుర్చీ, ల్యాప్‌టాప్ కంటే ముందు వాడి పేరుతో లాగిన్‌లు చేసిచ్చాం. "ఇంత ఎందుకన్నా, మీ పాస్‌వర్డే ఇవ్వండి, నేను చూసుకుంటా" అన్నాడు. కూర్చోబెట్టి ఇదంతా చెప్పా.